ఎర్ర కవరు ఖర్చులు

షావ్ కీ వాన్, హాంకాంగ్
సమాధుల పండగ మర్నాడు, 1985

పుయ్ అక్కకు,

తమ్ముడు తిమ్ దణ్ణాలు. అరవై దాటిన నేను, నాకన్నా నాలుగేళ్ళు చిన్నదానివైన నిన్ను అక్కా అనడమేమిటని మా మెట్ల కింద చెప్పులు కుట్టే ముసలాయన ఇప్పటికీ అడుగుతూనే ఉంటాడు. "నాటక బడిలో పుట్టిన తేదీలు చూడరయ్యా, గురువుగారి గడప ముందెవరు తొక్కారో చూస్తారు. ఆ పిల్ల నాకన్నా ఒక వానాకాలం ముందు తొక్కింది, అంతే, జన్మంతా అక్కే" అని చెప్పాను. "అయితే మీ బడిలో చేరి ఉంటే మా తాత నీకు మనవడయ్యేవాడు" అన్నాడు. సరే, ఆయన గొడవ ఇక్కడెందుకు? అసలు సంగతి చెప్పాలి.

నాకు వేషం వచ్చింది.

డూపు కాదు. వేషం. ముఖం ఉన్న వేషం. ఇన్నేళ్ళుగా ఎవరెవరి బట్టలో వేసుకుని మేడల మీంచి పడ్డాను, గుర్రాల కింద పడ్డాను, ఒకసారి మరుగుతున్న గంజి బండి మీద పడ్డాను. పడ్డది నేనని నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు లుయ్ అని ఒక దర్శకుడు వచ్చాడు. గడ్డం ఇంకా సరిగా మొలవలేదు గాని బుర్ర ఉన్నవాడు. తీసేది కుంగ్‌ఫూ సినిమా, అందులో దయ్యాలు. జనం భయపడి అరిచేలోపే నవ్వాలట, నవ్వు పూర్తికాకముందే మళ్ళీ అరవాలట. ఊరుగాని ఊళ్ళో పోయినవాళ్ళ నుదుట మంత్రం రాసిన పసుపు కాగితం అంటించి, గంట వాయిస్తూ, వాళ్ళని వరసగా గెంతించుకుంటూ సొంత ఊళ్ళకు తోలుకెళ్ళే మంత్రగాడి కథ. చిన్నప్పుడు బడిలో వంటామె చెప్పి మన చేత పక్కలు తడిపించిన కథే!

ఆ మంత్రగాణ్ణి నేనే.

ప్రారంభం రోజున కాల్చిన పందిని బల్ల మీద పెట్టి అగరొత్తులు వెలిగించారు. "తిమ్ మామా, మీరు ముందు వరసలోకి రండి" అన్నాడు లుయ్. నా వెనక ఇంకో తిమ్ ఎవరైనా ఉన్నాడేమోనని తిరిగి చూశాను.

సినిమా మీ ఊరు వచ్చేదాకా ఎవరికీ చెప్పకు. నీ నోరు సంగతి నాకు తెలుసు.

తమ్ముడు,
తిమ్


ఇపో, మలేసియా
మే నెల

తమ్ముడూ,

చెప్పొద్దన్నావు కాబట్టి పక్కింటి హౌ అత్తకొక్కదానికే చెప్పాను. ఆవిడ మా-జాంగ్ ఆడే బల్ల దగ్గర మిగతా ముగ్గురికీ చెప్పింది. ఆ ముగ్గురూ ఎవరికి చెప్పారో నాకేం తెలుసు? ఇవాళ చేపలవాడు "అమ్మా, మీ తమ్ముడుగారు సినిమా స్టారటగా" అని ఒక చేప ఎక్కువ వేశాడు. నా తప్పేముంది ఇందులో?

నవ్వకు. నా బాధ నీకు తెలియదు. వీళ్ళని ఎన్ని సినిమాలకు తీసుకెళ్ళాను! "అదిగో, ఆ మేడ మీంచి పడుతున్నది మా తమ్ముడు" అంటే, "మాకు వీపే కనబడుతోందే పుయ్" అనేవారు. "అదిగో, ఆ గుర్రం కింద" అంటే, "అక్కడ గుర్రమే ఉంది కదమ్మా" అనేవారు. మా ఆయన డోలు పక్కన పెట్టి పైలోకానికి వెళ్ళిపోయాక నాకిక్కడ నా వాళ్ళంటూ ఎవరూ లేరు. ఉన్నావనుకుంటే నువ్వొక్కడివి, నీకేమో వీపు తప్ప ముఖం లేదు. "ఒంటరిది కదా, పాపం, ఒక తమ్ముణ్ణి కల్పించుకుంది" అని హౌ అత్త ఒకరోజు పక్క గదిలో అంటుంటే నా చెవులారా విన్నాను. అందుకే ఈసారి ఒక వరస మొత్తం సీట్లు మావేనని థియేటరువాడికి ఇప్పట్నుంచే చెప్పి పెట్టాను. నీ ముఖం గోడంత పెద్దదిగా చూపించి, అప్పుడు మాట్లాడతాను వాళ్ళతో.

ఒక్కటి గుర్తుపెట్టుకో. ఆ శవాల వేషాలు కుర్రాళ్ళ చేత వేయించమను. మన వయసులో శవపేటికలో పడుకోవడం సరదా కాదు. పైన పేర్లు రాసుకునేవాళ్ళు పొరపాటు పడ్డా పడతారు.

అక్క,
పుయ్


షావ్ కీ వాన్
డ్రాగన్ పడవల పండగ ముందు

పుయ్ అక్కకు,

షూటింగు జోరుగా సాగుతోంది. చిత్రమేమిటంటే రాత్రి సీన్లన్నీ పట్టపగలే తీస్తున్నారు, షెడ్డుకి నల్లగుడ్డలు కప్పి. బయటికొస్తే ఎండ, లోపలికెళితే అమావాస్య. మా మేకప్ అమ్మాయికి ఏ పూట తిండి తినాలో తెలియడం మానేసింది.

తిండంటే గుర్తొచ్చింది. కథలో శవం గోళ్ళు గుచ్చుకున్నవాడికి విషం దిగాలంటే జిగురు బియ్యం మీద నిలబెట్టాలి. సామాన్లవాడు ఒక మూట జిగురు బియ్యం తెచ్చి పెట్టాడు. వంటవాడు అది మా కోసమే అనుకుని, పుట్టగొడుగులూ ఎండు సాసేజీ వేసి వండేశాడు. అందరం మెచ్చుకుంటూ తిన్నాక లుయ్ వచ్చి "బియ్యం ఏవి?" అన్నాడు. నేను పళ్ళు కుట్టుకుంటున్నాను.

ఇంకో సంగతి. ఈ శవాలకి చూపుండదు. మనిషి ఊపిరిని బట్టి వెంటపడతాయి. ఊపిరి బిగబడితే పక్కనుంచే గెంతుకుంటూ పోతాయి. హాస్యమంతా అక్కడే ఉంది. కానీ శవం వేసినవాడి కష్టం ఎవరికి పడుతుంది చెప్పు? చేతులు రెండూ చాచి ఉంచాలి. ముక్కు దురద పెడితే గోక్కోడానికి లేదు. కాగితం చివర పై పెదవి మీద ఆడుతూ ఉంటుంది, చీమ పాకినట్టు. తుమ్మొస్తే తుమ్మకూడదు, చచ్చినవాడు తుమ్మడు కదా. పాపం, చూసి చెబుతున్నాను.

నా పక్కన కిట్ అని ఒక కుర్రాడు వేస్తున్నాడు. మంచివాడే.

ఉప్పు రేగుపళ్ళూ, ఒక మెడగుడ్డా పంపుతున్నాను. ఊరికే. దారిలో కనబడితే కొన్నాను.

తిమ్


ఇపో
జులై

తమ్ముడూ,

రేగుపళ్ళు అందాయి. మెడగుడ్డ బాగుంది. ఆ తర్వాత పౌడరు డబ్బా అందింది. దాని వెనకే దువ్వెన వచ్చింది. చేపల సాసు సీసా దారిలో పగిలి, పోస్టుమాను వారం రోజులు మా వీధి పిల్లులన్నింటినీ వెంటేసుకుని తిరిగాడు. ఇవన్నీ సరే. మొన్నటి పార్సెల్లో ఎలకల బోను ఎందుకు పంపావు?

నువ్వు ఒకే టీ ఆకుని సాయంత్రం దాకా కాచే మనిషివి. నా పెళ్ళికి నువ్విచ్చిన కానుక ఏమిటో గుర్తుందా? "నీ కోసం పిల్లిమొగ్గ వేస్తాను చూడు" అని వేసి వెళ్ళిపోయావు. అలాంటివాడివి దారిలో ఏది కనబడితే అది కొని పంపుతున్నావంటే నాకు భయంగా ఉంది. వంట్లో ఎలా ఉంది? నిజం చెప్పు. వెళ్ళిపోయేవాళ్ళే ఇలా సామాన్లు పంచిపెడతారు.

ఇక్కడ హడావిడి మామూలుగా లేదు. హౌ అత్త ఆ రోజు కోసం జుట్టు రింగులు తిప్పించుకుంటుందట. నీ డైలాగొకటి రాసి పంపు, వాళ్ళకి ముందే వినిపిస్తాను. మంత్రగాడన్నాక పెద్ద పెద్ద మాటలుంటాయి కదా.

పుయ్


షావ్ కీ వాన్
జులై చివర

పుయ్ అక్కకు,

వంట్లో గుండ్రాయిలా ఉన్నాను. బోను సంగతంటావా, మీ ఊళ్ళో ఎలకలు ఎక్కువని ఎక్కడో విన్నాను.

డైలాగు అడిగావు. "ఆగు!" అంటాను. చాలాచోట్ల అంటాను. మిగతావి సీను చూస్తే తప్ప అర్థం కావు.

ఎండలు మండిపోతున్నాయి. తెల్ల రంగు ముఖం మీద ఆరి, బీటలు వారి, దురద. అంటే, వేసుకున్నవాళ్ళకి. నిన్న వానొచ్చి షెడ్డు కారింది. గుడ్డల మీంచి నీళ్ళు కారుతుంటే పెట్టెలో పడుకున్నవాడు కదలకుండా కళ్ళు మూసుకునే ఉన్నాడు. టేకు అవుతోందో లేదో వాడికి తెలియదు. అందరూ టీకి వెళ్ళిపోయారని పాపం ఎవరూ చెప్పలేదు.

అక్కా, నీకొక మాట చెప్పాలని...

వద్దులే. గొడుగు పంపుతున్నాను.

తిమ్


ఇపో
ఆగస్టు

తిమ్,

ఇవాళ నువ్వు పంపినవన్నీ బల్ల మీద పరిచాను. హౌ అత్త చూసి, "మీ తమ్ముడు సినిమాలు మానేసి కొట్టు పెట్టాడా?" అంది. నేనూ నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాను.

నేను నాటకాల మనిషిని, డోలు వాయించేవాడి పెళ్ళాన్ని. నా దగ్గరా నీ ఆటలు? చచ్చినట్టు నటించినవాడికి ఆ రోజు పనయ్యాక కంపెనీవాళ్ళు ఎర్ర కవరు చేతిలో పెడతారు, చావు వేషం దోషం అంటకుండా. అందులో డబ్బు ఇంటి గడప తొక్కకముందే ఖర్చయిపోవాలి, లేకపోతే ఆ దోషం వెంట లోపలికొస్తుంది. చేతికేది దొరికితే అది కొనాలి. ఆ సాయంత్రం మీ వీధిలో తెరిచి ఉన్నది ఇనప సామాన్ల కొట్టు ఒక్కటే అయి ఉంటుంది. అందుకే బోను.

మంత్రగాడి వేషానికి ఎర్ర కవరు ఎవడిస్తాడ్రా?

ముక్కు దురద నీదే. పెదవి మీద చీమ నీదే. వానలో పెట్టెలో పడుకుని, టీకి కూడా పిలిపించుకోని ఆ వెర్రివాడివీ నువ్వే. పడుకోవద్దని రాశాను, రాశానా లేదా? పడుకుంటే పడుకున్నావు, నాతో అబద్ధమెందుకు చెప్పావు? నేనేమైనా హౌ అత్తనా?

సీట్లు చెప్పేశాను. ఊరంతా అడుగుతున్నారు. నేనేం చెప్పాలో నువ్వే రాయి.

పుయ్

గొడుగు బాగుంది. ఆ మాట రాయకూడదనుకున్నాను.


షావ్ కీ వాన్
ఆగస్టు

అక్కా,

తిట్టావు, ప్రాణం తేలికపడింది. జరిగింది చెబుతాను.

మంత్రగాడి వేషం నాకిచ్చిన మాట నిజం. కనుబొమలు అంటించారు, నాకొక గంట ఇచ్చారు. కెమెరా తిరిగింది. "మామా, ఇటు చూడండి" అన్నాడు లుయ్. చూశాను. చూశాననే అనుకున్నాను. "మామా, ఇటు!" "ఇటే కదయ్యా!" అందరూ నవ్వారు. తీసింది చూపించారు. తెర మీద నా వీపు. మళ్ళీ తీశారు, మళ్ళీ వీపు. డూపు పనిలో మొదటి పాఠం ఏమిటి? కెమెరా ఎటుంటే ముఖం అటు ఉండకూడదు. జన్మంతా అదే చేశాను. ఇప్పుడు ఆ గాజుకన్ను నా వైపు తిరిగిందంటే నా మెడ నన్నడక్కుండానే అటు తిప్పేస్తోంది. లుయ్ మంచివాడు. నా భుజాలు పట్టుకుని తనే తిప్పి నిలబెట్టాడు. ఆయన చేతులు తియ్యగానే తిరిగిపోయాను, గాలికి తలుపు మూసుకున్నట్టు.

మంత్రగాడి మీసం కిట్‌కి అంటించారు. వాడికి ముప్ఫై కూడా లేవు, ముఖం మీద గీతలు గీసి ముసలివాణ్ణి చేశారు. నేను ఇంటికి పోదామని చెప్పులు వెతుక్కుంటుంటే, శవాల వేషాల కుర్రాళ్ళు గెంతడం మొదలెట్టారు. బియ్యం మూటలు జారవిడిచినట్టు ఒకటే ధబ్ ధబ్. మన గురువుగారు మధ్యాహ్నం కునుకు తీస్తుంటే మనల్ని బెంచీ మీంచి దూకించేవారు, గుర్తుందా? ఆయనకి మెలకువొస్తే బెత్తం. నా కాళ్ళు ఊరుకోలేదు. "అలా కాదురా నాయనా" అని ఒక్క గెంతు గెంతి చూపించాను. లుయ్ చూశాడు. శవానికి మెడ తిప్పే పని లేదు, తిన్నగా రావడమే. పైగా ముఖం మీద కాగితం.

అలా చచ్చాను.

నీకెలా రాయను? ఊరంతా నా ముఖం కోసం చూస్తోందని నువ్వు సంబరంగా రాసిన ఉత్తరం నా చేతిలోనే ఉంది. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ రేగుపళ్ళు కొన్నాను.

నువ్వు సినిమాకి వెళ్ళకు. పెట్టె రాలేదనో, రీళ్ళు తడిసిపోయాయనో చెప్పు. నీకు తమ్ముడే లేడని అనుకున్నా ఫరవాలేదు గాని, ఉన్నవాడు అబద్ధాలకోరని అనుకోకూడదు.

తిమ్


ఇపో
చలికాలపు పిండి ఉండల పండగ

తమ్ముడూ,

వెళ్ళాను. నువ్వు వద్దంటే మానడానికి నేనేం నీకు చెల్లెల్నా?

థియేటరు కిటకిటలాడిపోయింది. మా వరసలో హౌ అత్త రింగుల జుట్టుతో నా పక్కనే. కిట్ గంట వాయిస్తూ రాగానే మోచేత్తో పొడిచింది. "ఈయనేనా? ముఖం మీద గీతలు గీసినా ఎంత చిన్నవాడే పుయ్! నీకన్నా పెద్దవాడన్నావు!" చుట్టూ అందరూ నా వైపు తిరిగారు. తల ఊపేస్తే చాలు, వాళ్ళందరికీ సంతోషమే. ముందు రోజు రాత్రి దాకా అలాగే చేద్దామనుకున్నాను కూడా, నీ పరువు కోసం. కానీ ఆ కుర్రాడి ముఖం చూస్తూ అతన్ని తమ్ముడనడానికి నాకు నోరు రాలేదు.

"కాదు, ఉండండి" అన్నాను.

శవాలు వరసగా వచ్చాయి. అందరికీ అవే నల్ల అంగీలు, అవే కుచ్చు టోపీలు, ముఖాలన్నింటికీ కాగితాలు. నాకెంత సేపు పట్టిందనుకున్నావు? దిగినప్పుడల్లా అందరి టోపీల కుచ్చులూ ఎగిరి పడుతున్నాయి. ఒక్కడి కుచ్చు కదల్లేదు.

"అదిగో. ఆ చివరివాడు. మా తమ్ముడు."

"ముఖమేదీ?" అంది హౌ అత్త.

"కాగితం కింద ఉంది."

"ఇంతకుముందు వీపు, ఇప్పుడు కాగితమా!" అని వెనకనుంచి ఎవరో అన్నారు. కిసకిసలు. నా చెవులు వేడెక్కాయి.

అప్పుడు నువ్వు ఆ భోజనాల బల్ల మీదికి గెంతావు. మోకాలు వంచకుండా, చేతులు చాచి, నేల మీంచి బల్ల మీదికి. గిన్నె ఒక్కటి కదల్లేదు. ఆ సౌండువాడు మాత్రం పెద్దగా ధబ్ అని పెట్టాడు, వాణ్ణి గురువుగారి దగ్గరికి పంపాలి. మంత్రగాడి పిరికి శిష్యుడు బల్ల కింద ఊపిరి బిగబట్టాడు. నువ్వు బల్ల అంచు మీంచి కిందికి వంగావు. కాగితం వాడి నుదుటికి తగిలేంత దగ్గరగా వంగి, మెల్లగా తల తిప్పావు. హాల్లో ఇంతసేపూ నవ్వినవాళ్ళంతా వాడితో పాటు ఊపిరి ఆపేశారు. పక్కకు చూస్తే హౌ అత్త కూడా బుగ్గలు పూరించుకుని, కళ్ళు తేలేసి, నా చెయ్యి గోళ్ళతో గుచ్చి పట్టుకుంది. "గాలి పీల్చుకో అత్తా!" అన్నాను. "పీలిస్తే మనవైపు వస్తాడే!" అంది, అదీ పెదవులు కదపకుండా.

నువ్వు వెనక్కి, చూడకుండా, బల్ల మీంచి కిందికి దూకావు.

నేను లేచి నిలబడి "భళా!" అని అరిచాను. నాటకశాలలో అరిచినట్టు, గొంతెత్తి. సినిమాహాల్లో అలా ఎవరూ అరవరని నాకు తెలుసు. వెనకనుంచి ఎవరో "కూచోవమ్మా ముసలమ్మా" అన్నారు. టార్చిలైటువాడు పరిగెత్తుకుంటూ వచ్చాడు. అతను నన్నేదో అనబోతుంటే హౌ అత్త లేచింది. "ఏమిటయ్యా అరుస్తావ్? ఆ గెంతేది ఈవిడ సొంత తమ్ముడు!" అని, తనూ "భళా!" అంది. మా వరసంతా లేచింది. టార్చివాడు తెర వైపు చూసి, నా వైపు చూసి, "ఏ శవమండీ?" అన్నాడు.

ఆ మాటకి నేను ఏడ్చాను, తమ్ముడూ. నవ్వుతూనే.

బయటికొచ్చాక హౌ అత్త అంది కదా: "నా ఊపిరి ఆపినవాడు మా ఇంట్లో భోజనం చెయ్యకుండా ఉండటానికి వీల్లేదు. పెసర మొలకలతో కోడి నేనే వండుతాను. రమ్మని రాయి. ఆ ముఖమేదో నేనే చూస్తాను." ఇప్పుడు చేపలవాడూ, టార్చివాడూ, అందరిదీ అదే మాట. ఇక నువ్వు తప్పించుకోలేవు.

ఫిబ్రవరిలో మన కొత్త సంవత్సరానికి వచ్చెయ్. డూపుని పంపకు.

అక్క,
పుయ్


షావ్ కీ వాన్
జనవరి

అక్కా,

నీ ఉత్తరం షెడ్డులోనే చదివాను, మేకప్‌తో. తెల్ల రంగు మీద చారలు పడితే ఆ అమ్మాయి నన్ను తిట్టి మళ్ళీ పూసింది. టార్చివాడి మాట లుయ్‌కి చదివి వినిపించాను. బల్ల మీద గుద్ది నవ్వి, ఇంకో సినిమా తీస్తున్నాను మామా, ఈసారి కాగితం ఊడిపోయే సీను పెడతాను, ముఖం చూపిద్దాం అన్నాడు. ఆలోచించి చెబుతానన్నాను. ముందు నాకు వేరేచోట పని ఉంది, సెలవు కావాలన్నాను.

టికెట్టు కొన్నాను. ఏ కవర్లోదీ కాదు, నా సొంతం. విమానంలో కౌలాలంపూరు, అక్కణ్ణుంచి రైలు. చెప్పులాయన బూట్లకి కొత్త అట్టలు వేసి, "అక్కగారి ఊరికి చిరిగిన బూట్లతో పోతావా" అని ఏమీ పుచ్చుకోలేదు.

ఫోటో పంపుదామని స్టూడియోకి వెళ్ళాను, మీ వాళ్ళు స్టేషన్లో గుర్తుపట్టడానికి. బయటిదాకా వెళ్ళి తిరిగొచ్చాను. ముఖం మీ వాళ్ళకే మొదట చూపిస్తాను, గాజుకన్నుకి తర్వాత. నీకూ ఇది కొత్త ముఖమే అక్కా. నువ్వు చూసి ఎన్నేళ్ళయింది! జుట్టు పోయింది, కింది పళ్ళు రెండు కంపెనీకిచ్చాను. చూసి నవ్వినా ఏమీ అనుకోను.

ఒక్కటే భయం. అంతమంది ఒకేసారి నా వైపు చూస్తూ నిలబడితే, రైలు దిగగానే అలవాటు కొద్దీ అటు తిరిగిపోతానేమో. ప్లాట్‌ఫారం మీద నీకు ఎవరిదో ముసలి వీపు కనబడితే అది నాదే. కంగారుపడకు. తమ్ముడూ అని పిలు.

తిరుగుతాను.

తిమ్